వెన్న రాసిన దుంపలు

“ఎవరైనా అడిగితే వంటామెనని చెప్పు. అడగరులే, అయినా ముందే చెప్తున్నా,” అంది సత్యశ్రీ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ.

గురువమ్మ ఓవెన్ ముందు కొయ్యబారిపోయింది. ఈ మాట వినడానికేనా తెల్లారగట్టే సబ్బవరంలో బస్సెక్కింది?

“మరి తల్లేదీ అని అడిగితే?”

“ఊళ్ళో ఉంది, జ్వరం అని చెప్పాం. హాల్లో బాబాయి, హిమబిందు పిన్ని కూర్చుంటారు. పెళ్ళికొడుకు, వాళ్ళ మావయ్య, అత్తయ్య వస్తారు. అందరూ పెద్ద చదువుల వాళ్ళు. నువ్వు నోరు తెరిస్తే ‘నాను’, ‘ఏటి’ అంటావు. నా పరువేం కావాలి?”

“నానేటన్నానని...”

గురువమ్మ నాలిక కరుచుకుంది. చూశావా అన్నట్టు కళ్ళెగరేసి కూతురు వెళ్ళిపోయింది.

వచ్చే నెలకి ముప్పై నిండుతాయి పిల్లకి. ఇప్పటికే మూడు సంబంధాలు గుమ్మం దాకా వచ్చి తప్పిపోయాయి. ఇదొక్కటి కుదిరితే చాలు, వంటామెనేం ఖర్మ, అంట్లామెనైనా అవుతాననుకుంది గురువమ్మ.

బేక్డ్ పొటాటో అట. వచ్చేవాళ్ళకి ఇదంటే ఇష్టమని కూతురు ఫోన్లో చూపించింది. పూర్ణా మార్కెట్లో ఏరి తెచ్చిన పెద్ద దుంపలు. తొక్కతోనే కడిగి, ఫోర్కుతో పొడిచి, నూనె, ఉప్పు రాసి గంటసేపు ఓవెన్లో పెట్టాలి. ఓస్, ఇంతేనా! పొయ్యిలో నిప్పుల కింద కప్పెట్టి దుంపలు కాల్చిన చేతికి ఇదో లెక్కా? వానరోజుల్లో ఇదే సత్యశ్రీ పొయ్యి పక్కన చేరి, ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ తినేది. వేడి దుంప చేతిలో పెడితే ఎంత ఏడుపైనా ఆగిపోయేది. ఇవాళ ఆ సంగతి ఎవరితో అంటుంది? కాలిన దుంపల్ని నిలువునా చీల్చి వెన్న, వెల్లుల్లి, మిరియాలపొడి వేసి, పైన ఇంత గడ్డపెరుగు, కొత్తిమీర వేసింది. వాసన ఇల్లంతా కమ్మేసింది.

ఒంటిగంటకి బెల్లు మోగింది. హాల్లో పలకరింపులు, నవ్వులు.

“డ్రైవర్, ఆ పళ్ళబుట్ట లోపల పెట్టేసి కిందికెళ్ళిపో,” అంది ఓ కుర్రగొంతు. అతనే పెళ్ళికొడుకు సుమంత్ కాబోలు.

బుట్ట మోసుకుంటూ వంటింట్లోకి వచ్చినాయనకి అరవై దాటి ఉంటాయి. తెల్లచొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయింది.

“ఇదెక్కడెట్టమంటావమ్మా?”

ఆ యాస చెవిన పడగానే గురువమ్మకి ప్రాణం లేచొచ్చింది.

“ఆ గట్టుమీదెట్టు బాబూ. ఈ ఎండలో కిందకెల్లి ఏటి సేత్తావు? ఇలా కూకో. మంచినీల్లు తాగు.”

ఆయన మొహమాటంగా స్టూలు అంచున కూర్చున్నాడు. హాల్లో ప్లేట్లు, చెంచాలు చప్పుడు చేస్తున్నాయి. దుంపలు అద్భుతమని పెళ్ళికొడుకు అత్తయ్య తెగ మెచ్చుకుంటోంది. “మా సత్య చేతి వంటే అదండీ!” అంటోంది హిమబిందు. ఓలమ్మో, ఎంత అబద్ధం! పోనీలే, నా పిల్లకే కదా పేరు, అని సర్దిచెప్పుకుంది గురువమ్మ. అయినా కళ్ళు మండాయి.

ఆగలేక, గొంతు తగ్గించి అడిగేసింది.

“ఒక్క మాట సెప్పు బాబూ. ఆ కుర్రోడు ఎలాటోడు? పెద్దోల్లని సూత్తాడా?”

ఆయన గ్లాసు ఖాళీ చేసి గట్టుమీద పెట్టాడు.

“మంచోడేనమ్మా. తాగుడు నేదు, తిరుగుడు నేదు. పెద్దోల్లంటావా... ఎవుల్ని ఎక్కడుంచాలో తెలిసినోడు. మరి మీ అమ్మాయిగోరో?”

“నా కూతు... అమ్మాయిగోరా? బంగారం బాబూ. పెద్దోల్లంటే పేనం ఎట్టేత్తాది.”

ఇంతలో ఆ బంగారమే గుమ్మంలోకి వచ్చింది.

“గురువమ్మా, ఇంకో నాలుగు దుంపలు పెట్టివ్వు. తొందరగా!”

పేరు పెట్టి పిలిచింది కన్నకూతురు! గురువమ్మ పళ్ళెం నింపి ఇచ్చింది. సత్యశ్రీని చూసి ఆయన స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. ఆ పిల్ల ఆయన వైపు కన్నెత్తి కూడా చూడకుండా పళ్ళెం తీసుకుని చక్కా పోయింది.

గురువమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఉన్నవాటిలో పెద్ద దుంప తీసి, ఇంకాస్త వెన్న రాసి పళ్ళెంలో ఆయన ముందు పెట్టింది.

“తిను బాబూ, సల్లారిపోతాది.”

“వద్దమ్మా.”

“ఏం, ఉపోసమా?”

“అబ్బే, కాదు.”

“ఆకలి నేదా?”

“ఎందుకు నేదు? పొద్దున్నుంచి టీ సుక్కే.”

“మరింకేటి? వంటామె సేత్తో పెడితే తినడానికి డ్రైవరుక్కూడా నామోసీయేనా?”

పొద్దుట్నుంచి దిగమింగుకున్న కోపమంతా పాపం ఆయన మీద పడింది. ఆయన నొచ్చుకోలేదు. పళ్ళేన్ని మెల్లగా వెనక్కి జరిపి, హాలు వైపోసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

“అంత మాటనీకమ్మా. ఆల్లంటే సదూకున్నోల్లు, తింతన్నారు. నాను పాతకాలపోన్ని. తాంబూలాలు పుచ్చుకోకండా పిల్లోరింట ఎంగిలిపడకూడదు కదమ్మా... పెల్లికొడుకు తండ్రిని.”