పాపారాజుగారి మేడ

ఆ ఫోటో ముందు నిలబడ్డ ముసలాయన ఎంతకూ కదలలేదు.

రాజమండ్రి దానవాయిపేటలోని ‘సోమేశ్వర అసోసియేట్స్’కు పాతికేళ్లు నిండిన రోజది. సంస్థ కట్టిన భవనాల ఫోటోలను ఆఫీసు హాలు గోడలనిండా తగిలించారు. ఒక్కొక్కదాని కింద నాలుగు వాక్యాల చరిత్ర.

ఆ చరిత్ర రాసింది సత్యప్రసాద్. సంస్థను స్థాపించిన కీర్తిశేషులు సోమేశ్వరరావుగారి ఏకైక కుమారుడు, ఇప్పటి యజమాని. తండ్రి పేరు మచ్చలేకుండా నిలవాలని ఏడాదిగా ఆ పని మీదే ఉన్నాడు. సాయంత్రం సభకు కలెక్టరుగారు వస్తున్నారు.

వచ్చినాయన పాత కూలీల్లో ఒకడై ఉంటాడనుకొని, టిఫిన్లు అటువైపని చెయ్యి చూపించాడు సత్యప్రసాద్.

“తినే వచ్చానండి. ఈ మేడ కింద ఒక పేరు తగ్గిందండి బాబూ.”

అది భీమవరంలోని పాపారాజుగారి మేడ. సంస్థ చేపట్టిన తొలి పెద్ద కట్టడం. కడుతుండగా పై స్లాబు కూలి, కంకర మోసే కూలిమనిషి ఒకామె మరణించింది. సత్యప్రసాద్ అప్పటికి హాస్టల్లో చదువుకుంటున్నాడు. విన్నదే తప్ప చూసింది లేదు. అయినా దాచలేదు. సిమెంటు అమ్ముకున్న మేస్త్రీ వల్ల ప్రమాదం జరిగిందనీ, కోర్టు అతణ్ణి జైలుకు పంపిందనీ, సోమేశ్వరరావుగారు తమ ఖర్చుతో స్లాబు మళ్లీ వేయించారనీ రాశాడు. అంత నిజాయితీగా రాసినందుకు లోలోపల గర్వపడ్డాడు కూడా.

“ఎవరి పేరు?”

“రత్నమాణిక్యం అండి. స్లాబు కింద పోయిన మనిషి. మొగల్తూరు పిల్ల.”

“మీకేమవుతుంది?”

“ఏమీ అవదండి. మా పనిలో కంకర మోసేది.”

“మీ పేరు?”

ముసలాయన ఫోటో మీంచి చూపు తిప్పాడు.

“సామ్యేలు అంటారండి.”

జైలుకు వెళ్లిన మేస్త్రీ పేరు అదే. సత్యప్రసాద్ నోట మర్యాద తప్పింది.

“చంపిందీ నువ్వే, పేరు రాయమని అడిగేదీ నువ్వే. బావుందయ్యా. ఆవిడ పేరు రాస్తే పక్కన నీది కూడా రాయాలి. రాయమంటావా?”

“రాయండి బాబూ. ఆయమ్మది మాత్రం ముందు రాయండి.”

సత్యప్రసాద్ వాచ్‌మన్ వీరాస్వామిని కేకేశాడు. వీరాస్వామికి శ్రమ లేకపోయింది. సామ్యేలు తనంతట తానే బయటికి నడిచి, చెప్పులు తొడుక్కొని వెళ్లిపోయాడు.

సభ ఘనంగా జరిగింది. ఉన్న ఒక్క మచ్చనూ దాచుకోకుండా చెప్పుకున్న సంస్థ అని కలెక్టరుగారు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

ఆరు నెలలు గడిచాయి. ఒకనాడు సత్యప్రసాద్ తల్లి శ్యామలాంబగారు కారు తీయించి, ఎందుకో చెప్పకుండా నిడదవోలు వెళ్లారు. పొద్దువాలే వేళకు తిరిగివచ్చి, పెరట్లో తలస్నానం చేసిగాని ఇంట్లో అడుగుపెట్టలేదు.

చావింటికి వెళ్లివచ్చారని దాంతో తెలిసింది.

“ఎవరు పోయారమ్మా?”

“సామ్యేలు.”

“ఆ సిమెంటు దొంగ చావుకి నువ్వెళ్లావా? నాన్నగారుంటే ఊరుకునేవారా?”

“మీ నాన్నగారుంటే నాకంటే ముందు ఆయనే వెళ్లాలి. కూర్చో.”

తడిజుట్టు ముడివేసుకొని ఆమె చెప్పడం మొదలుపెట్టారు. గొంతులో ఎత్తుపల్లాలు లేవు.

ఆ మేడ కడుతున్న ఏడు మూఢం ముంచుకొచ్చింది. అది దాటేదాకా ముహూర్తాలు లేవు కనుక, ఈలోపే గృహప్రవేశం జరిగితీరాలని పాపారాజుగారు పట్టుబట్టారు. పై స్లాబు పోసి ఇంకా ఎన్నాళ్లో కాలేదు. దానికి ఊతంగా నిలిపిన సెంట్రింగు కర్రలు అప్పుడే తీయవద్దని సామ్యేలు కాళ్లావేళ్లా పడ్డాడు. చుట్టాలకు శుభలేఖలు వెళ్లిపోయాయి, ఇంటి నడుమ కర్రలుంటే హోమం ఎక్కడ చేస్తారని పాపారాజుగారు వాదించారు. కర్రలు తీశారు. గట్టిపడని స్లాబు కూలింది. సిమెంటులో ఏ లోపమూ లేదు.

“మరి తానే అమ్ముకున్నానని కోర్టులో ఒప్పుకున్నాడుగా?”

“కోర్టుకంటే ముందు మన పెరటి గుమ్మంలో ఒప్పుకున్నాడు. ‘ఆఫీసు మూతపడితే ఇంతమంది కూలోళ్లం ఏం తింటామండి, నేనెళ్తాను’ అన్నాడు. నేను విన్నాను.”

సత్యప్రసాద్ అడగక తప్పనిది చివరికి అడిగాడు.

“వద్దన్నవాడు సామ్యేలైతే, కర్రలు తీయించిందెవరమ్మా?”

“మీ నాన్నగారు; ఆయన పడవలసిన శిక్ష సామ్యేలు పడ్డాడు, ఆ పిల్ల పేరు మేడ మీద చెక్కిస్తామన్న ఒక్క మాట మా దగ్గర తీసుకొని.”