చిన్నోడు గొప్పవాడేనా?

పిల్లలకు క్రికెట్ నేర్పే మాస్టారి ఉద్యోగం ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయింది.

ఆ ప్రశ్నకూ ఉద్యోగానికీ సంబంధం లేదు.

క్లబ్బు ప్రెసిడెంటు వకీలు. కోర్టులో వాదించింది చాలక సాయంత్రాలు క్లబ్బుకొచ్చి వాదిస్తాడు. ఆయన వాదన ఎప్పుడూ ఒకటే. దేశమంతా నెత్తిన పెట్టుకుని 'చిన్నోడు' అని ముద్దుగా పిలుచుకునే ఆ బ్యాట్స్‌మన్ నిజానికి అంత గొప్పవాడేం కాదని.

పసలేని బౌలర్లు, ఫీల్డర్లు జారవిడిచిన క్యాచ్‌లు, టీవీ వాళ్లు ఊదే బాకా, ఇవన్నీ కలిస్తే చిన్నోడు తయారయ్యాడని ఆయన ఎప్పుడో తేల్చేశాడు. కాదన్న పాపానికి పళ్ల డాక్టరు కొన్నాళ్లు క్లబ్బు ఛాయలకే రాలేదు.

సెక్రటరీది ఇనుప సామాన్ల కొట్టు. ఆయనకు చిన్నోడంటే ప్రాణం. ఆ సంగతి ఇంట్లో భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. కొట్టు తగాదా కోర్టులో ఉంది మరి, దాన్ని వాదిస్తున్నది ఈ వకీలే.

ఉద్యోగానికి వచ్చినవాడు యాభై దాటిన మనిషి. ఎక్కడ ఆడారని అడిగితే అక్కడా ఇక్కడా ఆడానన్నాడు. సరే చూద్దామని వారం పాటు పిల్లల్ని అప్పగించారు. బంతి వస్తుంటే కళ్లు మూసుకునే పిల్లలు కళ్లు తెరిచి ఆడటం మొదలుపెట్టారు.

సెక్రటరీకి మనిషి నచ్చాడు. కష్టమూ తెలిసింది. పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. భార్యతో సహా బావమరిది ఇంటి మేడ గదిలో ఉంటున్నాడు. అక్కడ కంచంలో అన్నం కన్నా మాటలే ఎక్కువ వడ్డిస్తున్నారు. ఈ ఉద్యోగం వస్తే క్లబ్బు వెనక రెండు గదులు ఇస్తారు. ఆయన భార్య వచ్చి చూసుకుని, పొయ్యి ఏ మూల పెట్టాలో కూడా అనుకుని వెళ్లింది.

అందుకే మీటింగుకు ముందే సెక్రటరీ ఆయన్ని పక్కకు తీసుకెళ్లి బతిమాలాడు. వకీలుగారు చిన్నోడిని ఏమన్నా తలూపెయ్యమన్నాడు. తలూపడానికి ఏం పోయిందండీ అని ఆయన నవ్వాడు.

అంతా సవ్యంగానే జరిగింది. వకీలు సంతకానికి పెన్ను తీశాడు. గోడ మీది టీవీలో చిన్నోడు సిక్సర్ కొట్టాడు. వకీలు చెయ్యి ఆగింది.

చిన్నోడి మీద తను పోగేసిన సాక్ష్యాలన్నీ మొదటి నుంచి విప్పాడు. మాస్టారు ఓపిగ్గా తలూపుతూ విన్నాడు. సెక్రటరీ ఊపిరి పీల్చుకున్నాడు.

"అంటే వీడిది వట్టి అదృష్టమే తప్ప ఆట కాదు. మీరూ ఆటగాడే కదా, చెప్పండి మాస్టారూ. గొప్పవాడు కాదనే కదా?"

మాస్టారు తలూపడం ఆపాడు.

కిటికీలోంచి వెనక గదుల వైపు ఒకసారి చూశాడు.

"మీరు చెప్పినవన్నీ నిజమే అయ్యుండొచ్చండీ. గొప్పవాడు కాదని మాత్రం నేననలేను."

"ఏం? మీ చుట్టమా?"

"కాదండీ."

"మరి?"

బల్ల కింద సెక్రటరీ కాలితో తడుతూనే ఉన్నాడు.

"అతను గొప్పవాడే అయ్యుండాలండీ," అన్నాడాయన. "అయ్యుండాలి."

వకీలు పెన్నుకు మూత పెట్టేశాడు. భజన చేసేవాళ్లు పిల్లలకు ఆటేం నేర్పుతారన్నాడు. సెక్రటరీ ఏదో అనబోయాడు. కొట్టు తగాదా గుర్తొచ్చి ఊరుకున్నాడు. ఆ ఉద్యోగం వకీలు తోడల్లుడికి దక్కింది.

గేటు దాకా వెంట వెళ్లి సెక్రటరీ కోప్పడ్డాడు. ఒక్క చిన్న అబద్ధం ఆడితే ఏం పోయేదన్నాడు.

"ఆడదామనే వచ్చానండీ. నోరు రాలేదు. ఇప్పుడు మా ఆవిడకు ఏం చెప్పాలో తెలియడం లేదు."

సెక్రటరీ కొన్నాళ్లు ఆగి, తన కొట్లోనే ఏదైనా పని ఇద్దామని ఆ ఇంటికి వెళ్లాడు. వాళ్లు వెళ్లిపోయారనీ, ఎక్కడికో తను అడగలేదనీ బావమరిది గుమ్మంలోనే చెప్పి పంపేశాడు.

ఆ ఏడాదే చిన్నోడు ఆట మానేశాడు.

వీడ్కోలు చూడటానికి క్లబ్బంతా టీవీ ముందు చేరింది. వకీలు కూడా వచ్చాడు, తప్పులు పట్టడానికి. చిన్నోడు మైకు పట్టుకున్నాడు. తన సెంచరీల సంగతి వదిలేసి, ఇరవై ఏళ్ల కిందటి ఓ మామూలు మ్యాచ్ గురించి చెప్పాడు.

"నాతో ఆడుతున్న సీనియర్‌ని లేని పరుగుకు పిలిచాను. ఇద్దరం ఒకే వికెట్ దగ్గర తేలాం. అవుట్ కావలసింది నేను. ఆయన నన్ను గీత లోపలికి నెట్టి, తను అవతలి కొసకు పరుగెత్తి అవుటైపోయాడు. సెలెక్టర్లు ఆ రోజు ఆయన్ని చూడటానికే వచ్చారు. నన్ను చూసి వెళ్లారు. వయసైపోయిందని ఆయన్ని మళ్లీ పిలవలేదు. ఎక్కడున్నారో నాకు తెలియదు. ఆయన ఇచ్చినదానికి తగ్గట్టు ఆడానో లేదో ఆయన నోటితోనే వినాలని ఉంది. ఎవరికైనా జాడ తెలిస్తే చెప్పండి."

టీవీ సౌండు పెంచమన్నది వకీలే.

ఆ మ్యాచ్ నాటి ఫొటో టీవీలో వేశారు. అందులో మీసాలైనా రాని చిన్నోడి భుజం మీద చెయ్యేసి నవ్వుతున్నవాడు, అతను గొప్పవాడు కాదని అనలేక ఉద్యోగం పోగొట్టుకున్న మాస్టారు.