దారికి అడ్డం

తార్నాకలో కొత్తగా దిగిన ఇంటి ముందు నిలబడి, గల్లీలో ఎవరు కనబడితే వాళ్ల చేతిలో లడ్డూ పెడుతున్నాడు కొమురెల్లి.

"మా బిడ్డకు యూనివర్సిటీల ఎమ్మెస్సీ సీటొచ్చింది. గందుకే మల్కాజ్‌గిరి ఇడిసిపెట్టి గీడికొచ్చినం. ఇగ నడిసే పోతది."

ఆయన రైల్వేలో ఫిట్టరు. ఇంటావంటా మెట్రిక్ దాటినవాళ్లు లేరు. అరవై ఏడో సంవత్సరం జులైలో ఆ గల్లీలో అంత సంతోషంగా ఉన్న మనిషి మరొకడు లేడు.

కానీ ఒక చిత్రం జరిగింది. లడ్డూ తీసుకున్నవాళ్లెవరూ నోట్లో వేసుకోలేదు.

ఎదురింటి రూతు టీచరైతే లడ్డూ వంకా, ఆ ఇంటి వంకా మార్చి మార్చి చూసింది.

"ఈ ఇంట్లోకేనా అన్నయ్యగారూ దిగింది?" అని, జవాబు వినకుండానే లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఓర్వలేనితనం అనుకున్నాడు కొమురెల్లి.

వారం తిరగలేదు. ఒకనాటి సాయంత్రం కూతురు బాలలక్ష్మి పుస్తకాలు బల్ల మీద పెడుతూనే చెప్పింది.

"నాయినా, అడ్డదారిల ఒకామె నిలబడుతున్నది. నేను పోయేటప్పుడు ఉంటది, వచ్చేటప్పుడూ ఉంటది. గడ్డిల, రెండు చేతులు చాపి."

"ఏమంటది?"

"దగ్గరికి పోతే 'పక్క పొంటి పో బిడ్డా' అంటది. గంతే."

"పిచ్చిది గావచ్చు, తియ్."

"ఇయ్యాల ఇంకో మాట అడిగింది. 'వంటింటి గడియ పైకి లేపి పెడుతున్నరా? లేకుంటే పడదు' అన్నది."

తల్లి లింగమ్మ వంటింటి తలుపు వైపు చూసింది. ఆ గడియ నిజంగానే పైకి లేపితే తప్ప పడదు. ఆ సంగతి ఇంట్లో ఉన్న ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు.

దీపాలు పెట్టే వేళకు లింగమ్మ ఉప్పూ మిరపకాయలూ బిడ్డ చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. గుప్పెడు మిరపకాయలు కాలినా ఒక్కరికీ దగ్గు రాలేదు. పెద్ద దిష్టే తగిలిందనుకుంది ఆమె.

"సీటొచ్చిందని నువ్వు గల్లంతా చాటింపేస్తివి. గిప్పుడు చూడు" అంది మొగుడితో.

ఆ మాట కొమురెల్లికి గట్టిగానే తగిలింది. నిజమే, చెప్పుకున్నది తనే. బిడ్డకేమైనా అయితే అది తన నోటి పుణ్యమే. ముందు భయం వేసింది. తెల్లారేసరికి ఆ భయమే కోపమైంది.

పొద్దున్నే గొడుగు పట్టుకుని బయల్దేరాడు.

ఇళ్లు దాటితే ఎవరిదో పాడుపడ్డ చేను. సీతాఫలం చెట్లు, వానలకు నడుమెత్తు పెరిగిన గడ్డి. కాలిబాట ఒకచోట వంపు తిరుగుతుంది. వంపు తిరక్కుండా నేరుగా నడిస్తే యూనివర్సిటీకి కాస్త దగ్గర. సరిగ్గా ఆ నేరు మీదే నిలబడి ఉంది ఆమె. వెలిసిపోయిన నీలం చీర, చాపిన చేతులు. ఈగ వాలినా కదలడం లేదు.

"ఏందీ ఏషాలు? మా ఇంటి సంగతి నీకెట్ల తెలుసు?"

"సారూ, గీడ..." అంటూ ఆమె వెనక్కి చెయ్యి చూపబోయింది.

"నోర్ముయ్! ఇంకో మాట మాట్లాడితే పోలీసులకు పట్టిస్త."

రెక్క పట్టుకుని రోడ్డు దాకా ఈడ్చుకొచ్చాడు. ఆమె తిట్టలేదు, పెనుగులాడలేదు. తల తిప్పి తిప్పి గడ్డి వంకే చూసింది.

"నా బిడ్డకు మల్ల కనబడొద్దు. సమజైందా?"

ఆమె వంగి అతని కాళ్లు పట్టుకుంది.

"కనబడ సారూ. జర గా పిల్లకు మాత్రం చెప్పుండ్రి, పక్క పొంటి పొమ్మని."

ఇంటికొచ్చి కొమురెల్లి మీసం దువ్వుకున్నాడు.

"ఇగ నీకేం భయం లేదు బిడ్డా. దారి ఖాళీ. సక్కగ పో."

మర్నాడు తొమ్మిదిన్నరకు వెళ్లిన బాలలక్ష్మి, పది కాకముందే పరుగున తిరిగొచ్చింది. కాళ్లకు చెప్పుల్లేవు. జడ నిండా బురద.

"నాయినా! ఆమె నన్ను తోసింది! చెట్ల సాటు నుంచి ఉరికొచ్చి పక్కకు తోసింది!"

"చూసినవా, నేననలే!" కొమురెల్లి మూలనున్న కర్ర అందుకున్నాడు. "యాడున్నది గిప్పుడు?"

బాలలక్ష్మి చేను వైపు చెయ్యి చూపింది.

"లేదు నాయినా. లేచి చూస్తే మనిషే లేదు. గడ్డి ఊగుతున్నది, గంతే."

కొమురెల్లి కర్రతో చేనులోకి పరుగెత్తాడు.

అక్కడ, వాళ్ల గల్లీలోనే ఉండే యూనివర్సిటీ వాచ్‌మన్ బిక్షం రెండు చేతులతో గడ్డి పాయలు తీసి కిందికి చూస్తున్నాడు. చుట్టూ గోడ కూడా లేని పాత మోటబావి. ఎక్కడో అడుగున, నల్లటి నీళ్ల మీద నీలం కొంగు తేలుతోంది.

"అమ్మా! అమ్మా!" అని కొమురెల్లి బావిలోకి అరిచాడు. ఇంకేమని పిలవాలో ఆయనకు తెలియదు.

"చప్పుడు ఇని ఉరికొచ్చిన, తాళ్ల కోసం మనుషులను పంపిన. ఇగ లాభం లేదు సారూ" అన్నాడు బిక్షం. "శివమ్మ. రెండేండ్లాయె, రోజూ గీ బాయికాడ అడ్డం నిలబడుడే ఆమె పని. ముండ్లకంప ఏస్తే పొయ్యిలకని ఎవరో ఎత్తుకపోతరు. 'కంపనైతే ఎత్తుకపోతరు, నన్నెవరు ఎత్తుకపోతరు' అనేది."

కొమురెల్లి తన కుడిచెయ్యి చూసుకున్నాడు. నిన్న ఆమె రెక్క పట్టి ఈడ్చిన చెయ్యి అదే.

"ఎవరామె?" అన్నాడు.

"మీరున్న ఇంట్లనే ఉంటుండె సారూ. బిడ్డకు ఎమ్మెస్సీ సీటొచ్చిందని మీ లెక్కనే గల్లంతా లడ్డూలు పంచి, నెల తిరగకముందే గా పిల్ల పీనుగను గీ బాయిలకెల్లి తీయించుకపోయింది."