మునిరామయ్య పరిచిన నేల

గృహప్రవేశం ఇంక నాలుగు రోజులే. ఒక్క వానకు హాలు నేల మధ్యలో గూని లేచింది.

చిత్తూరులో మామిడి మండీ నడిపే ధనంజయ మోజుపడి కట్టించుకున్న ఇల్లు అది. హాలుకు అడ్డగోడ లేదు. వీధివైపు సగం మొజాయిక్ టైల్స్, లోపలి సగం టేకు చెక్కలు. రెండూ కలిసే చోట సూది దూరే సందు కూడా లేకుండా బిగించాడు వడ్రంగి కోదండం. ఇప్పుడు సరిగ్గా అక్కడే చెక్కలు టైల్స్‌ను ఒరుసుకుని పైకి లేచాయి.

"తప్పు నాది కాదన్నా. టైల్స్ మేస్త్రీ ముందుకు జరిపేసినాడు," అన్నాడు కోదండం.

"ఎవురిదైతే నాకేమి? సాయంత్రానికి సరిగ్గా ఉండాల," అని ధనంజయ మండీకి వెళ్లిపోయాడు.

చినుకులు పడుతుంటే వసారాలో నిలబడ్డ ముసలాయన ఒకడు లోపలికి తొంగిచూశాడు.

"సందు ఇడిసిపెట్టలేదేమప్పా? కొయ్య వానకు ఉబ్బుతాది. మెసిలేదానికి చోటు గావాల."

కోదండానికి ఒళ్లు మండింది.

"నేనెవురనుకున్నావు పెద్దాయనా? మునిరామయ్య కొడుకును. మదనపల్లె దోవలో దొర బంగళా ఉండాదే, ఆడ రాయీ కొయ్యా కలిపి నేల పరిచినోడు మా నాయన. నలభై ఏండ్లాయ. ఇప్పటికీ ఒక్క చెక్క లేవలేదు."

"సూసినానప్పా. బంగారట్లాంటి పని," అన్నాడు ముసలాయన.

ఆ మాటకు కోదండం మెత్తబడ్డాడు. లోపలికి రమ్మని ఉలి చేతికిచ్చాడు.

ఇద్దరూ కలిసి చివరి చెక్కలు ఊడదీశారు. అంచు చిత్రిక పట్టి అరంగుళం తగ్గించారు. ఆ సందు మీద పల్చటి ఇత్తడి పట్టీ పరిచి, ముసలాయన మరలు టైల్స్ వైపు మాత్రమే బిగించాడు.

"కొయ్యకు బిగించొద్దు. పట్టీ కింద దాని పాటికది మెసల్తా ఉంటాది."

నేల చదునైంది. కోదండం వట్టి కాళ్లతో టైల్స్ మీంచి చెక్కల మీదికి నడిచి చూశాడు. ఎక్కడా కాలికి తగల్లేదు.

ధనంజయ తిరిగొచ్చి చూసి, "మునిరామయ్య కొడుకనిపించుకున్నావబ్బా!" అన్నాడు.

కోదండం ఛాతీ ఉబ్బింది. పక్కనున్న మనిషి సంగతి చెప్పాలని తోచలేదు. ముసలాయన చేతులు కడుక్కుని, సంచీ భుజాన వేసుకుని, చిన్నగా నవ్వి వెళ్లిపోయాడు.

అన్నం క్యారియరు తెస్తున్న కోదండం తల్లి కుప్పమ్మ, వాకిట్లోనే నిలబడి వీధివైపు చూసింది.

"ఇప్పుడు పొయ్యింది మీ నాయన జతగాడు గోవిందస్వామి కదరా?"

"పేరడగలేదుమా. దోవన పొయ్యేటాయన. నాయన పని గొప్పదన్నాడు."

"పో, పిల్చుకోని రా పో!"

కోదండం పరుగెత్తాడు. ఆయనెక్కిన పాకాల బస్సు అప్పటికే మలుపు తిరిగిపోయింది.

వెనక్కి వచ్చేసరికి తల్లి ఇత్తడి పట్టీ మీద చెయ్యి ఆనించి కూర్చుని ఉంది. తల ఎత్తకుండానే, మెల్లగా అంది:

"ఆ బంగళా నేల పరిచింది ఆయప్పరా; కొత్తగా పెండ్లయిన మాకు నాలుగు పనులు దొరకాలని, మీ నాయనే పరిచినాడని ఊరంతా సెప్పి, తాను ఊరిడిసిపెట్టి పొయినాడు."