బరువు లేని డైపరు

ధర్మవరంలో బస్సెక్కేటప్పటికి సీట్లన్నీ నిండిపోయాయి.

ఒకాయన పక్కకు జరిగి ప్రత్యూషకు చోటిచ్చాడు. అరవై దాటిన మనిషి. మాసిన చొక్కా, నాలుగు రోజుల గడ్డం.

"సంచి సర్దుకునే దాకా పాపను ఇట్లియ్యమ్మా," అన్నాడు.

ఎనిమిది నెలల ధరణిని ఆయన చేతుల్లో పెట్టి, ప్రత్యూష సంచిని కాళ్ళ కిందికి తోసింది. హిందూపురంలో అక్కవాళ్ళ గృహప్రవేశం. నిన్నటి నుంచి పాపకు వాంతులే. అయినా పోకపోతే అక్క నొచ్చుకుంటుందని బయలుదేరారు.

ఆయన పాప అడుగున అరచేయి పెట్టి, రెండుసార్లు మెల్లగా పైకెత్తి చూశాడు.

"డైపరు ఎప్పుడు వేసినావమ్మా?"

"రాత్రి పడుకునేటప్పుడు. మంచి కంపెనీది. తడి పైకి రానే రాదు."

"రాదు, నిజమే. లోపల పిండి మాదిరి పొడి ఉంటాది. ఉచ్చ పడితే తాగేసి సగ్గుబియ్యం మాదిరి ఉబ్బుతాది. అందుకే ముట్టుకుంటే తెలీదు, బరువు చూడాల."

ఆయన గొంతు తగ్గించాడు.

"ఇది కొత్తదాని బరువే ఉండాది. రాత్రి నుంచి పాప ఉచ్చ పోయలేదమ్మా. ఒంట్లో నీళ్ళు లేవు. పెనుకొండలో దిగి ఆస్పత్రికి పోదాం రాండి, నేనూ వస్తా."

ప్రత్యూష పాప మొహంలోకి చూసింది. పాప పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

పక్కనే నిలబడ్డ ఆమె మొగుడు మహేష్ వంగాడు.

"ఏమబ్బా, మా బిడ్డ సంగతి నీకెందుకు? నీ ఎంబడి మేం యాడికి దిగాల?"

"కోపం వద్దప్పా. ఇంకో గంట పోతే..."

"పిల్లల్నెత్తుకుపోయేవాళ్ళు ఇట్లే మాట్లాడతారంట," వెనక సీట్లో ఎవరో అన్నారు.

ఆ మాట చాలింది.

మహేష్ పాపను లాక్కుని ప్రత్యూష ఒడిలో పెట్టాడు. మొదటి దెబ్బ అతనే కొట్టాడు. తర్వాత ఎవరు కొట్టారో, ఎందుకు కొట్టారో వాళ్ళకే తెలియదు.

ముసలాయన చేతులైనా అడ్డం పెట్టుకోలేదు. ప్రత్యూష వైపే చూస్తూ, "పెనుకొండలో దిగమ్మా," అన్నాడు. మళ్ళీ అదే అన్నాడు.

వదిలేయమని చెప్పాలనిపించింది ఆమెకు. మొగుడి మొహం చూసి ఊరుకుంది.

పెనుకొండ రాకముందే బస్సాపించి ఆయన్ని కిందికి తోసేశారు. పడ్డ మనిషి లేవడం ఆమెకు కనిపించలేదు.

పెనుకొండలో బస్సు పది నిమిషాలు ఆగింది. మహేష్ దిగి టీ తాగి వచ్చాడు. ప్రత్యూష పాపను ఒళ్ళో పెట్టుకుని సీట్లోనే కూర్చుంది.

హిందూపురం చేరేటప్పటికి పాప కళ్ళు తేలేసింది.

అక్కడి ఆస్పత్రిలో గంటసేపు పెనుగులాడి, డాక్టర్ అనురాధ వార్డులోంచి బయటికొచ్చింది.

"దక్కలేదమ్మా. ఒంట్లో నీళ్ళే లేవు. గంట ముందు సెలైన్ పెట్టింటే బతికేది. ఉచ్చ పోయలేదని ఎవరూ చూడలేదా?"

"బస్సులో ఒకాయన చెప్పినాడు," అంది ప్రత్యూష. "డైపరు బరువు చూసి."

మహేష్ గోడ వైపు తిరిగాడు.

"ఆయన దేవప్ప," అంది డాక్టర్. "డైపర్ల ఫ్యాక్టరీలో ఇరవై ఏండ్లు తూకం చూసినాడు. మనవరాలు ఇట్లే పోయినప్పటి నుంచి ఆ బస్సుల్లోనే తిరుగుతాండాడు. ఈ యేడు ఆయన మా దగ్గరికి పంపిన పదకొండు మంది పిల్లలూ బతికినారు. వాళ్ళెట్లుండారని రోజూ ఈ పాటికి వచ్చి అడిగిపోతాడు, ఈ పొద్దెందుకో ఇంకా రాలేదు."