ఎర్ర గుర్తుల దారి

"బాబూ, ఉన్నచోటే ఉండు. ఒక్క అడుగు కూడా కదలకు" అంది ఆమె ఫోనులో.

భర్త చేతిలో చీపురు పక్కన పడేశాడు. కిటికీలోంచి చూశాడు. కొండ లేదు. పెరటి గోడ దాకా పొగమంచు కమ్మేసింది. మధ్యాహ్నమే మునిమాపులా ఉంది.

ఆ ఊరి చుట్టూ కొండల మీద నడక దారులున్నాయి. రాళ్ళ మీద ఎరుపు, పసుపు, నీలం గుర్తులు. ఏటా వానలు వెలిశాక ఆమె చెల్లెలే వాటికి కొత్తగా రంగు వేస్తుంది. నడవడానికి వచ్చేవాళ్ళకు ఆ మొగుడూ పెళ్ళాలు గదులు అద్దెకిస్తారు. దారి తప్పితే ఫోన్ చేయమని ప్రతి మలుపులోనూ బోర్డు మీద వాళ్ళ నంబరే ఉంటుంది. గదులు ఊడవడం, టీ పెట్టడం, కంగారు పడడం భర్త వాటా. దారి చెప్పడం ఆమె వాటా. ఆ కొండలు ఆమెకు కొట్టిన పిండి.

ఫోను గొంతు పెద్దది. అవతలి మాటలు గదంతా వినిపిస్తున్నాయి. ఎవరో కుర్రాడు. చలికో భయానికో పళ్ళు టకటకలాడుతున్నాయి.

"ఛార్జింగ్ అయిపోవస్తోందండీ. ఏమీ కనపడట్లేదు. పక్కనే లోయ ఉన్నట్టుంది. చచ్చిపోతానేమో!"

"నేనుండగా నిన్ను చావనివ్వను. ఒక్కడివే వచ్చావా?"

కాసేపు గాలి చప్పుడు.

"ఒక్కణ్ణేనండీ."

"దారి ఎక్కడ తప్పావు?"

"తెలీదండీ. ముందు కిందికి దారి చెప్పండి."

"ఎక్కడ తప్పావో తెలిస్తేనేగా ఎక్కడున్నావో తెలిసేది! చివరిసారి ఏ రంగు గుర్తు చూశావు?"

"ఎరుపు. పట్టుకుంటే చేతికంతా అంటుకుంది."

ఆమె గొంతు ఇంకా మెత్తబడింది. పెళ్ళయినప్పటి నుంచీ తనతో ఒక్కసారైనా అంత మెత్తగా మాట్లాడిందా అని, అంత కంగారులోనూ భర్తకు అనిపించింది.

"మంచిది నాయనా. ఆ తర్వాత?"

"రెండు పెద్ద రాళ్ళున్నాయి, ఒకదాన్నొకటి ఆనుకుని. అక్కడ... కాసేపు ఆగాను."

"ఎందుకాగావు?"

భర్త తల పట్టుకున్నాడు. అవతల ప్రాణాల మీదికొస్తుంటే ఈ పురాణమంతా ఎందుకు? 'త్వరగా కానీ' అని చేతులు తిప్పాడు. ఆమె చూడలేదు.

"కాళ్ళు నొప్పెట్టాయండీ" అన్నాడు కుర్రాడు చివరికి.

"రాళ్ళకు ఇవతల ఆగావా, అవతలా?"

"అవతల. లోయ వైపు. అక్కడే గుర్తులు వదిలేసి అడ్డంగా దిగిపోయాను. త్వరగా చెప్పక్కా, నీకు దణ్ణం పెడతాను!"

అక్కా అనగానే ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టి భర్త వైపు తిరిగింది.

"స్ట్రెచరూ తాళ్ళూ ఇచ్చి ఊళ్ళో మనవాళ్ళను జంట రాళ్ళ దగ్గరికి పరిగెత్తమనండి. అవతలి పక్కన లోయలోకి దిగి చూడమనండి. స్టేషన్ జీపును వంతెన దగ్గరికి రమ్మనండి."

"నీకు మతి గానీ పోయిందా? వాడు ఆ రాళ్ళు దాటొచ్చి ఎంతసేపయింది! వాడొకచోట ఉంటే మనుషుల్ని ఇంకోచోటికి..."

"ఏవండీ." ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "ఈ ఒక్కసారికి ఎదురు చెప్పకండి."

ఆ మొహం చూసి అతను చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాడు.

తిరిగొచ్చేసరికి ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"వాగు చప్పుడు ఏ చెవికి వినపడుతోంది?"

"కుడి చెవికి."

"అలాగే కుడి పక్కనే ఉంచుకుని దిగు. కాలితో తడిమి చూడు. నేల గట్టిగా ఉంటేనే బరువెయ్యి."

ఉన్నట్టుండి రాళ్ళు దొర్లిన చప్పుడు. కుర్రాడు కెవ్వుమన్నాడు. భర్త గోడకు అతుక్కుపోయాడు.

"జారిపోతున్నానక్కా!"

"కూర్చో! కూర్చునే జరుగు. చేతికేం తగులుతోంది?"

"పొద... ముళ్ళు..."

"ముళ్ళయితే ముళ్ళే. మొదలు దగ్గర పట్టుకో. వదిలావో, నా మీదొట్టే!"

ఆయాసం తప్ప ఇంకేమీ వినపడలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా అరుపు: "నీలం గుర్తు కనపడిందక్కా!"

అంతలోనే ఫోను ఆగిపోయింది.

ఆగినా ఫరవాలేదు. నీలం గుర్తుల దారి తిన్నగా వంతెనకే పోతుంది, చంటిపిల్లాడు కూడా తప్పిపోడు. అయినా జీపులో వెళ్ళిన కానిస్టేబుల్ నుంచి కబురొచ్చేదాకా భర్త గదిలో కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాడు.

"కుర్రాడు వచ్చేశాడండీ. నాలుగు గీతలు తప్ప దెబ్బలేం లేవు."

"హమ్మయ్య!" అతను కుర్చీలో కూలబడ్డాడు. "బతికించావే తల్లీ! నీ పుణ్యమా అని ఒక ప్రాణం నిలబడింది. టీ పెట్టనా?"

"వాణ్ణి జీపు దిగనివ్వొద్దని చెప్పండి" అంది ఆమె.

చలికి కాబోలనుకుని, అలాగే చెప్పాడు.

ఆమె కిటికీ వదల్లేదు. ఫోనును గుండెకు అదుముకుని, వంతెన వైపు కాకుండా జంట రాళ్ళ వైపు చూస్తోంది.

"ఇంకా ఏం చూస్తున్నావే? పాపం, మనవాళ్ళను కూడా తిరిగొచ్చెయ్యమందాం."

"ఆగండి."

కొండ మీద మనిషి ప్రాణాలతో దొరికితే అక్కడ పొడుగ్గా ఈల వేస్తారు. లేకపోతే నోరెత్తకుండా దిగి వస్తారు.

పొయ్యి మీద టీ పొంగిపోయింది. భర్త దించడానికి లేచేంతలో వినిపించింది, జంట రాళ్ళ వైపు నుంచి, ఒక పొడుగాటి ఈల.

ఆమె ఉన్నచోటే కూలబడి ఘొల్లుమంది.

భర్తకు ఏమీ అర్థం కాలేదు. "వాడు జీపులో ఉన్నాడు కదే! మరి వీళ్ళకు దొరికింది ఎవరు?"

ఆమె తన చేతిలో ఫోను అతని ముందుకు చాపింది.

ఇంతసేపూ ఆ కుర్రాడు మాట్లాడింది ఆమె చెల్లెలి ఫోన్లోంచి.