తరగని గట్టు

“అది సీసం కాదు ఒలీటా గారూ, జింకు. సీసంలో కలిసిందంటే మొత్తం పాడైపోద్ది,” అన్నాడు గాలెన్, ఆమె చేతిలోని ముక్క తీసుకుని అవతల పారేస్తూ.

“గోరుతో గీస్తే గీత పడిందిగా?”

“పడింది మీ గోరు మీద. చూసుకోండి.”

ఒలీటా చూసుకుని నవ్వేసింది. అరవై తొమ్మిదేళ్ళ మనిషి, తుక్కు సామాన్ల యార్డులో చేతికి గ్లౌజులు తొడుక్కుని డబ్బాలు వెతుకుతోంది. కారు చక్రాలకి బిగించే సీసం ముక్కల్ని ఒకప్పుడు టైర్ల షాపులవాళ్ళు బకెట్ల కొద్దీ ఊరికే ఇచ్చేవాళ్ళు. ఇప్పుడన్నీ ఇనుమూ జింకూ. చుట్టుపక్కల మూడు ఊళ్ళు తిరిగినా పిడికెడు దొరకలేదు. ప్లంబరొకడు పాత సీసం గొట్టం ఉందన్నాడు గానీ, వాడు చెప్పిన ధరకి ఆమెకి రెండు వారాల సరుకులొస్తాయి.

“మొన్న ఇచ్చావే, ఆ గుండ్రటి దిమ్మలు లేవా?”

గాలెన్ లోపలికెళ్ళి ఓ పెట్టె తెచ్చాడు. చిన్న కేకుల్లా పోతపోసిన సీసం, మన్నూ మశానం లేకుండా శుభ్రంగా ఉంది. పౌండు ఒక్క డాలరు.

“ఇంతకీ మీ ఇంట్లో తుపాకీ కాల్చేదెవరండీ?”

“నేనే.”

“దేన్ని కాలుస్తారు?”

“మట్టిని.”

హాస్యమాడుతోంది అనుకున్నాడు గాలెన్. ఆమె ఉన్నమాటే చెప్పింది.

ఒలీటా భర్త రాయిస్ పోయి మూడేళ్ళయింది. ముప్ఫై ఏళ్ళపాటు అతను కొట్టం వెనక మట్టి గట్టు మీద గురి చూసి కాల్చేవాడు. అతను పోయిన మరుసటి ఏడాది, కొండకి అవతలి వైపు ఉండే ఆన్సెల్ టోపీ చేత్తో పట్టుకుని గుమ్మం ముందుకొచ్చాడు. అతనికీ భార్య లేదు.

“సీసం ఎక్కడా దొరకట్లేదండీ. మీ గట్టులో రాయిస్ తూటాలు చాలా ఉంటాయి. తవ్వుకోనిస్తే తూటాలు పోసుకుంటాను. ఒక్క నెలలో అయిపోద్ది.”

“తవ్వుకోండి. నాకెందుకది?”

అప్పట్నుంచీ ప్రతి శనివారం వచ్చేవాడు. పార, జల్లెడ, ఓ బకెట్. పొద్దున్నంతా తవ్వి జల్లించి, పంపు దగ్గర చేతులు కడుక్కుని, వంటింట్లో కూర్చుని కాఫీ తాగేవాడు. ఒలీటా పుల్లటి రుబార్బ్ కాడలు కూరి ‘పై’ అనే తీపి రొట్టె కాల్చిపెట్టేది. మిగతా ఆరు రోజులూ ఆమె పొయ్యి దగ్గర నిలబడే ఏదో ఇంత తినేసేది. శనివారం మాత్రం బల్ల మీద గుడ్డ పరిచేది. అతను పెద్దగా మాట్లాడే రకం కాదు. తలుపు కిర్రుమంటే లేచి బందులకి నూనె వేసేవాడు. ఆమె ఏదైనా చెప్తుంటే చెంచా కింద పెట్టి వినేవాడు.

నెల కాదు, రెండు నెలలు గడిచాయి. ఓ శనివారం జల్లెడలో నాలుగే నాలుగు తూటాలు తేలాయి.

“అయిపోవచ్చిందండీ,” అన్నాడు ఆన్సెల్, జల్లెడలోకి చూస్తూ. “ఇంక మీకు ఇబ్బంది తప్పుతుంది.”

ఆ సోమవారమే ఒలీటా కొట్టంలో రాయిస్ సీసం కరిగించే మూకుడూ, తూటాలు పోసే మూసా దుమ్ము దులిపింది. తూటాలు పోయడం భర్త పక్కన నిలబడి నేర్చుకున్నదే. కావలసిందల్లా సీసం. బుధవారాల్లో ఆన్సెల్ పట్నంలో కూతురింటికి వెళ్తాడు. ఆ రోజు రాయిస్ తుపాకీ తీసుకుని గట్టుకి ఎదురుగా నిలబడి ఎనభై తూటాలు, ఒక్కోసారి వంద, మట్టిలోకి దించేది. భుజం కమిలేది. శనివారం బకెట్ నిండేది.

“రాయిస్ మొండివాడండీ. ఏడాది దాటినా ఇంకా ఇస్తూనే ఉన్నాడు,” అనేవాడు ఆన్సెల్.

“ఇంకాస్త ‘పై’ వేసుకోండి,” అనేది ఒలీటా. ముఖం అటు తిప్పుకునేది, నవ్వు కనబడకుండా.

అక్టోబరులో ఆమెకి ఛాతీలో జలుబు చేరి జ్వరమొచ్చింది. రెండు వారాలు మంచం దిగలేదు. ఆన్సెల్ రెండు శనివారాలూ సూప్ తెచ్చి గుమ్మంలో పెట్టి, గట్టు తవ్వి, ఖాళీ బకెట్‌తో వెళ్ళిపోయాడు. లేచి తిరిగిన రోజు కిటికీలోంచి చూస్తే, అతను పారా జల్లెడా కడిగి ట్రక్కులోకి ఎక్కిస్తున్నాడు.

“వచ్చే శనివారం ఒక్కసారి వచ్చి గుంతలు పూడ్చేస్తానండీ,” అన్నాడు, ఆమె గుమ్మంలోకి రాగానే, బూట్ల వంకే చూస్తూ. “చాలా మేలు చేశారు నాకు.”

“ఈసారి లోతుగా తవ్వి చూడండి,” అంది ఒలీటా.

మర్నాడు గాలెన్ యార్డు గేటు తీసేసరికి ఒలీటా తన ట్రక్కు పక్కన నిలబడి ఉంది.

“దిమ్మలు కావాలి గాలెన్. ఎన్నుంటే అన్ని.”

“ఒక్కటీ లేదండీ. ఈ రెండు వారాలూ రాలేదు.”

“రెండింతలిస్తాను. శనివారం లోపల కావాలి నాకు.”

“నా దగ్గరుంటే ఊరికే ఇచ్చేసేవాణ్ణి. నేనేం కొన్నానా? ఒకాయన సోమవారం సోమవారం తెచ్చి పడేసి పోతాడు. డాలరిస్తానన్నా తీసుకోడు. తుపాకీ ఎప్పుడో అమ్మేశాడట, సీసంతో తనకి పని లేదంటాడు. ఎక్కణ్ణుంచి తెస్తాడో చెప్పడు.”

“ఇల్లెక్కడో చెప్పు. నేనే వెళ్ళి అడుగుతాను.”

“మీకు తెలిసినవాడే,” అన్నాడు గాలెన్. “కొండ అవతల ఆన్సెల్.”